తాలింపు పెట్టిన రోజు

మా ఇంట్లో ఆవాలు చిటపటమనే వేళకి నేను పెరట్లో ఉంటాను. తెల్లారి లేచి బొగ్గుల పొయ్యి రాజేసేది నేను, బియ్యం కడిగేది నేను, పప్పు ఉడకబెట్టి చారు కాచి దించేది నేను. చివర్న తాలింపు మాత్రం మా అత్త పెడుతుంది. ఆవిడ మూకుడు చేతిలోకి తీసుకోగానే నేను చంటివాణ్ణి చంకనేసుకుని, ఆరేసిన బట్టలు తియ్యాలన్న వంకతో బయటికి వచ్చేస్తాను. అవి ఆరి ఉండవు. తడి చీర అంచు పట్టుకుని నిలబడి, లోపల చప్పుడు ఆగి, ఇంగువ వాసన గాలికి పోయాక తిరిగి వెళతాను.

"వచ్చినాది దొరసాని. కంచాలెయ్యి" అంటుంది అత్త.

మా ఆయన అయితే ఇంటికొచ్చిన వాళ్ళ ముందు కూడా అంటాడు. మొన్న ఆయనతో పనిచేసే బంగారయ్య అన్నయ్య వచ్చినప్పుడు, "అందరి ఇళ్ళల్లో ఆడోళ్ళకి బల్లులంటే బయ్యం, బొద్దింకలంటే బయ్యం. మా ఇంట్లో ఆడమనిసికి ఆవాలంటే బయ్యం" అని నవ్వాడు. బంగారయ్య అన్నయ్య కూడా నవ్వాడు, పాపం ఆయనకేం తెలుసు. మా ఆయన నవ్వితే మాత్రం నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మాటకి ఈ ఇంట్లో ఎవరు నవ్వినా ఆయన నవ్వకూడదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మాది విజయనగరం పక్క. మా మామగారు రైలు కంపెనీ రోజుల్లో పట్టాలు వేసే గ్యాంగుతో వచ్చి రాయపూర్‌లోనే ఉండిపోయాడు. ఆయన పోయాక ఉద్యోగం మా ఆయనకి వచ్చింది. మా ఆయన సూరిబాబు ధమ్‌తరి వెళ్ళే చిన్న బండిలో ఫైర్‌మాన్, ఇంజిన్‌లోకి బొగ్గు ఎత్తే పని. రైల్వే లైన్లో రెండు గదుల క్వార్టరు, వెనక కాస్త పెరడు, పెరడు దాటితే పాలు పోసే రౌతుల గుడిసెలు. సాయంత్రం చిన్న బండి కూత వినపడితే మా పైడమ్మ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి వాళ్ళ నాన్న కంచం తీసి పీట ముందు పెట్టేది. అది కూత పెద్ద బండిదా చిన్న బండిదా అని నాకంటే ముందు కనిపెట్టేది. ఒక్కోసారి కంచం బోర్లా పెట్టేది. దానికప్పుడు నాలుగో ఏడు.

బండి ఇప్పటికీ అదే కూత కూస్తుంది. నా చెయ్యి కంచాల గూటి దాకా వెళ్ళి ఆగిపోతుంది.

పోయిన ఏటికి ముందు ఏడు ఎండాకాలంలో పైడమ్మకి పెద్దమ్మవారు పోసింది. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టాం. చాప మీద వేపాకులు పరిచి దాన్ని పడుకోబెట్టాం. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తాలింపు పెట్టకూడదు, నూనె కాగకూడదు, ఆవాలు పేలితే అమ్మవారికి కోపం వచ్చి ఒళ్ళంతా పేలుస్తుందని మావాళ్ళ నమ్మకం. చద్దన్నం, మజ్జిగ, ఉప్పు వేసిన పప్పునీళ్ళు, ఇవే అందరికీ. పైడమ్మ ఏమీ తినడం లేదు కాబట్టి నాకూ ఏదీ అక్కర్లేకపోయింది. ఆయనకి అక్కర్లేకపోవడం ఎలా కుదురుతుంది. ఆయన మగవాడు, డ్యూటీ చేసే మనిషి.

ఒక రోజు అత్త ఇక్కడి అమ్మవారైన శీతలామాత గుడికి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళింది. ఆయన కంచం ముందు కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కన పెట్టేశాడు.

"ఈ సప్పిడి కూడు నా గొంతు దిగదే. ఇంజిన్ కాడ నిలబడి బొగ్గెత్తాల నాను. కళ్ళు తిరిగి పొయ్యిలో పడితే ఎవులు దిక్కు మీకు? తలుపు దగ్గరేసి కూసింత తాలింపు పెట్టు. అమ్మ ఎరగదులే."

నేను వద్దన్నాను. "అయితే ఆకలితోనే పోతాను" అని లేచాడు. లోపల పిల్ల మూలుగుతోంది, ఇక్కడ ఈయన చెప్పులేసుకుంటున్నాడు. రెండు ఆవాలు, ఒక ఎండుమిరపకాయ వేశాను. తాలింపు పడిన పప్పునీళ్ళన్నీ తాగి, మూతి తుడుచుకుని, "అమ్మకి సెప్పకు" అని వెళ్ళిపోయాడు.

అత్త గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన పట్టేసింది. ఆ మర్నాడు పైడమ్మ పోయింది.

"నోరు కట్టుకోలేకపోనావు. గుంట సావుబతుకుల్లో ఉంటే నీకు తాలింపు కావలసొచ్చినాదా?" అని అత్త అడిగినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. తలకి చేతులు పెట్టుకుని గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. ఇప్పుడు చెబుతాడు, ఏడుపు ఆగాక చెబుతాడు అనుకున్నాను. పదకొండో రోజు వెళ్ళాక చెబుతాడనుకున్నాను. చుట్టాలొచ్చారు, వాళ్ళందరికీ నేనే వండాను. వండుతుంటే వెనక నుంచి గుసగుసలు, ఈ చేతులే కదా అని. నేనూ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది, ఆయన మీదికి పోతుంది, ఈ కొంప ఇంకా కూలిపోతుంది అనుకున్నాను. అయినా పెట్టిన చేతులు నావే కదా. ఆయన అడిగాడు, నేను పెట్టాను, అమ్మవారికి ఎవరడిగారన్నది పట్టింపా? అలా నాలో నేను ఎన్ని సార్లు అడిగి ఉంటానో నాకే తెలీదు. అంట్లు తోముతూ అడిగేదాన్ని, నల్లా దగ్గర బిందె నిండుతుంటే అడిగేదాన్ని, బిందె నిండి పొర్లిపోయేది.

పైడమ్మ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని అత్త కట్టడి చేసింది. పోయినవాళ్ళ పేరెత్తితే ఉన్నవాళ్ళకి కీడట. దాని గౌను, రంగు పోయిన చెక్క బొమ్మ ఎవరికో ఇచ్చేసింది. నేను ఏడిస్తే, "కడుపుతో ఉన్నదానివి, ఆ ఏడుపు లోపలోడికి తగలతాది" అంది. నిజమే, అప్పటికి నెల తప్పింది. అందుకని ఏడుపు కూడా మానేశాను. కొత్తవాడి కోసం పాత దాన్ని దిగమింగుకున్నాను.

వాడు పుట్టిన రోజున అత్త తానే వాణ్ణి పాత చేటలో పెట్టి తీసుకెళ్ళి పెరటి వెనక పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. "ఈ గుంటడు మాకొద్దు, పారేసినాం" అని మూడుసార్లు గట్టిగా అంది. ముందే చెప్పి ఉంచినట్టు, మాకు పాలు పోసే సుక్వారా వచ్చి వాణ్ణి ఎత్తుకుంది. శుక్రవారం పుట్టిందట, అందుకే ఆ పేరు. నేను పచ్చి బాలింతని, గోడ పట్టుకుని పెరటి గుమ్మం దాకా నడిచి, చాటెడు తవుడు నా చేత్తో సుక్వారా కొంగులో పోసి నా బిడ్డని నేను కొనుక్కున్నాను. పారేసిన బిడ్డ మీద, తవుడు ఖరీదు చేసే బిడ్డ మీద అమ్మవారి కన్ను పడదని మావాళ్ళ నమ్మకం. రౌతుల్లో కూడా ఇదే ఆనవాయితీ ఉందట, సుక్వారాకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. వాడికి తవిటయ్య అని పేరు పెట్టాం. మా ఊళ్ళో ఆ పేరున్నవాళ్ళందరికీ ముందు పోయిన అన్నో అక్కో ఉంటారు. అది ఎవరూ పైకి అనరు.

కొనుక్కున్నానే కానీ దక్కుతాడన్న ధీమా నాకు రాలేదు. వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. నిద్రపోకపోతే ఒంట్లో బాగాలేదేమో అని చూసేదాన్ని. స్నానం చేయించేటప్పుడు వీపు, చంకలు, చెవి వెనక, కాలి వేళ్ళ సందులు అన్నీ వెతికేదాన్ని. దోమ కుట్టి ఎర్రబడితే, అది దోమకాటేనని తేలేదాకా ఆ చోటే చూస్తూ కూర్చునేదాన్ని. అన్నం వారుస్తూ మధ్యలో వెళ్ళి చూసేదాన్ని. "మాటిమాటికీ గుంటడ్ని తడమకు, నీ దిష్టే తగల్తాది" అనేది అత్త. దాంతో కొత్త భయం పట్టుకునేది. నేను చూస్తే దిష్టి, చూడకపోతే వాడికేమైనా అయితే? ఏ వైపు నడిచినా కాలికింద ముల్లే.

ఈ ఎండాకాలం మొదట్లో చివరి లైన్లో ఒక ఇంట్లో పెద్దమ్మవారు పోసిందని తెలిసింది. ఆ కబురు తెచ్చింది మా ఆయనే. రైల్వే వాళ్ళు ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు వరండాలో రేపు పిల్లలందరికీ టీకాలు వేస్తారట.

"టీకా అంటే అమ్మోర్ని సూదితో పొడిసి ఇంటికి పిలిసినట్టే" అంది అత్త. "రేపు పొద్దున్నే ఈడ్ని తీసుకుని నాను మాత గుడికెల్లిపోతాను. పొద్దోయేక వస్తాను. అడిగితే ఊరెల్లినారని సెప్పు."

పైడమ్మకి అమ్మవారు పొయ్యకముందు కూడా టీకాల మనిషి వచ్చాడు. అప్పుడు కూడా అత్త ఇలాగే దాన్ని చంకనేసుకుని గుడికి వెళ్ళిపోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు, ఆవిడా అనదు. ఆవిడ ఆ తాలింపుని అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో నాకు ఆ క్షణాన తట్టింది. అది లేకపోతే ఆవిడ టీకా తప్పించిన ఆ రోజు గురించి ఆలోచించాలి. ఆవిడ మాత్రం పైడమ్మని ప్రేమించలేదా? దానికి జడ వేసేది ఆవిడే. నాకు జాలి వేసింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే జాలి పడి ఊరుకుంటే రేపు వీణ్ణి కూడా చంకనేసుకుని పోతుంది.

ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను, "మావా, నువ్వైనా సెప్పు. టీకా ఏయిద్దాం" అని.

"అమ్మ ఎలాగంటే అలాగే. ఇలాంటియన్నీ నా మీదకి తేకు. డూటీ చేసుకుని వచ్చినోడికి ఇంట్లో కూడా ఇదేనేటి?" అని చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

ఆ సాయంత్రం అత్త తాలింపుకి మూకుడు పెట్టింది. నేను ఎప్పటిలాగే పెరట్లోకి వచ్చాను. సుక్వారా పాలచెంబుతో గోడ అవతల నిలబడి ఉంది. లోపల ఆవాలు పేలుతుంటే నేను కళ్ళు మూసుకుని వాణ్ణి గుండెకి అదుముకోవడం చూసింది. రోజూ చూస్తూనే ఉన్నానని, ఎందుకిలా నిలబడతావని అడిగింది.

ఆమె మాట నాకు సగమే అర్థమవుతుంది, నా మాట ఆమెకి సగమే. ఆ ధైర్యంతోనే కాబోలు చెప్పేశాను. నా కూతురు పైడమ్మ అని పేరు పెట్టి చెప్పాను. అన్నాళ్ళ తరవాత ఆ పేరు నా నోట్లోంచి వస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మవారు ఇంట్లో ఉండగా తాలింపు పెట్టాననీ, అందుకే పిల్ల పోయిందనీ వచ్చీరాని మాటల్లో చెప్పాను. అడిగింది ఆయనేనని మాత్రం అప్పుడు కూడా చెప్పలేదు. చూడండి నా బుద్ధి.

సుక్వారా పాలచెంబు గోడ మీద పెట్టింది. తరవాత నెమ్మదిగా అంది.

"హమర్ ఘర్ తో బఘార్ నయీ పరే రిహిస్, బహినీ. తభో లే చల్ దిస్."

మా ఇంట్లో తాలింపు పెట్టలేదు చెల్లీ, అయినా వెళ్ళిపోయాడు అని. ఆమెకో కొడుకు ఉండేవాడని నాకు తెలీదు. రోజూ పాలు పోసి వెళుతుంది, రోజూ చెంబు అందుకుంటాను, ఏనాడూ అడగలేదు. వాళ్ళూ వేపాకులు కట్టారట, వాళ్ళూ చద్దన్నమే తిన్నారట, ఆమె మొగుడు గడ్డం కూడా గీసుకోలేదట. ఏ తప్పూ చెయ్యలేదట. తప్పు చేసి ఉంటే బాగుండేదని, అప్పుడు తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేదని అంది. వాడి పేరేమిటని అడిగాను. బుధారు అని చెప్పి కొంగుతో మొహం తుడుచుకుంది. గోడకి అటు ఆమె, ఇటు నేను ఏడ్చాం. నేను పైకి వినపడేలా ఏడ్చాను, లోపల ఆవాల చప్పుడు ఎప్పుడాగిందో చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అత్త తలకి కొంగు కప్పుకుని, పసుపునీళ్ళ చెంబుతో తయారై వచ్చింది.

"గుంటడ్ని ఇలాగియ్యి."

"ఇయ్యనత్తా. టీకా ఏయిస్తాను."

అత్త ముందు నా మాట నమ్మలేదు. తరవాత చెంబు కింద పెట్టింది. "ఒకదాన్ని మింగినావు, సాల్లేదా? ఈడు మా ఇంటి గుంటడు. నీ ఇష్టమొచ్చినట్టు పొడిపించడానికి నువ్వెవురివి?"

వాడు నా చంకలో అత్తని చూసి నవ్వుతున్నాడు.

"మీ ఇంటి గుంటడ్ని నువ్వే పెంటమీద పారేసినావు. మాకొద్దని మూడుసార్లు అన్నావు. చాటెడు తవుడిచ్చి కొనుక్కున్నది నాను. ఈడు నా వోడు."

అత్త ఏమని అనగలదు? కాదు వీడు మావాడే అంటే, ఆ అమ్మకం ఉత్తుత్తిదేనని అమ్మవారికి గుమ్మంలో నిలబడి చెప్పినట్టే. ఆవిడ నాకంటే గట్టిగా నమ్ముతుంది. ఆవిడ కళ్ళు అటూ ఇటూ తిరిగాయి, పక్కకి తప్పుకుంది. నేను గడప దాటాను.

గెలిచానన్న సంబరమేమీ లేదు. వరండాలో వరసలో నిలబడ్డంతసేపూ పారిపోయి ఇంటికి వెళ్ళిపోదామనే ఉంది. సుక్వారా పనులు మానుకుని నా వెనక నిలబడింది. టీకాల ఆయన పళ్ళున్న గుండ్రని సూది వాడి భుజం మీద ఆనించి గిర్రున తిప్పాడు. వాడు ఊపిరి బిగబట్టి, ఆ తరవాత గుక్కపెట్టాడు. కొన్నాళ్ళకి అక్కడ పొక్కు లేస్తుందని, జ్వరం వస్తుందని, కంగారు పడొద్దని ఆయన చెప్పాడు. కంగారు పడొద్దని చెప్పడం ఎంత సులువో.

వారం తిరిగేసరికి పొక్కు లేచింది, జ్వరమూ వచ్చింది. అత్త నాతో మాటలు మానేసింది కానీ వేపమండలు కట్టింది, తాలింపు మూకుడు బోర్లించింది. ఉయ్యాల పక్కన కూర్చుని వాడి అరికాళ్ళకి చల్లటి గుడ్డ పెడుతోంది. ఆవిడా భయపడుతోంది, నేనూ భయపడుతున్నాను, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోవడం లేదు. పొక్కు ఒక్కచోటే ఉందని, ఇంకెక్కడా లేదని నేను గంటకోసారి చూసి వస్తున్నాను. వస్తుందని ముందే చెప్పారు కదా అనుకుంటాను. చెప్పినంత మాత్రాన వాడి ఒళ్ళు చల్లబడదు కదా అని మళ్ళీ నేనే అనుకుంటాను.

ఆ మధ్యాహ్నం ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బొగ్గు మసి కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఉయ్యాల వైపు ఒకసారి చూసి, "ఎలాగున్నాడు?" అన్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కన పెట్టేశాడు. గొంతు తగ్గించాడు.

"ఈ సప్పిడి కూడు నా గొంతు దిగదే. అమ్మ ఉయ్యాల కాడ ఉంది. తలుపు దగ్గరేసి కూసింత తాలింపు పెట్టు."

అవే మాటలు. కూసింత అన్న ఆ మాట కూడా మారలేదు. ఆయన వాటిని మర్చిపోయి ఉండాలి. నేను మర్చిపోలేక రోజూ పెరట్లోకి పోతున్నాను, ఆయన హాయిగా మర్చిపోయాడు. నాకు కోపం వస్తుందనుకున్నాను. కోపం కంటే ముందు ఒళ్ళంతా తేలికైనట్టయింది.

నేను లేచి, బోర్లించిన మూకుడు తీసి పొయ్యి మీద పెట్టాను. ఆవాల డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. గరిటె ఆయన చేతికిచ్చాను. నా గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"ఆ రోజు కూడా నువ్వే అడిగినావు మావా. అమ్మకి సెప్పకన్నావు, నాను సెప్పలేదు. ఈయాల నువ్వే పెట్టుకో."

అవతలి గదిలో ఉయ్యాల కిర్రుమనడం ఆగింది.

అత్త తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. తడిగుడ్డ చేతిలోనే ఉంది, నీళ్ళు నేల మీద కారుతున్నాయి. నావైపు చూడలేదు.

"ఏటిరా సూరీ. ఆ రోజు తాలింపు అడిగింది నువ్వా?"

పైడమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆ రోజు గురించి ఎవరూ నన్ను తప్ప ఇంకొకరిని అడగలేదు. ఆయన గరిటె పట్టుకుని, ఎప్పటిలాగే నేనేదైనా చెబుతానేమోనని నావైపు చూశాడు. నేను అత్త చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని, పైడమ్మ తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాను.